హరిత విద్యుత్తునకు అదనపు సొమ్ము: ఇచ్చువారు అడుగవలసిన లెక్క

గడచిన సర్వసభ్య సమావేశమున జమాఖర్చులు చదువుట ముగిసిన పిమ్మట, మన సంఘపు బియ్యపు మిల్లు విద్యుత్తు బిల్లును గుఱించి కొంత చర్చ జరిగినది. అప్పుడు యువసభ్యు డొకడు లేచి, "పట్టణములలోని పెద్ద కార్ఖానాలు యూనిట్టునకు కొన్ని పైసలు అధికముగ చెల్లించి, గాలివలనను సూర్యరశ్మివలనను పుట్టిన విద్యుత్తును తీసికొనుచున్నవి. మన సంఘమును అట్లేల చేయరాదు?" అని యడిగెను. వెనుక వరుసలో గూర్చున్న వృద్ధరైతు నవ్వి, "నాయనా, తీగలో వచ్చు కరెంటునకు రంగు కనబడునా? ఏది పచ్చదో యేది నల్లదో మన మిల్లు మోటారు కెట్లు తెలియును?" అనెను. సభ యంతయు నవ్వినది. అధ్యక్షులు మాత్రము నవ్వక, "రెండు మాటలును ఆలోచింపదగినవే. ప్రదర్శకులు గారు విచారించి మన పత్రికలో వ్రాయుదురు గాక" యని నాపై భారము నుంచిరి.

నాకు తెలిసినంతవఱకు విచారించితిని. యువకుని కోరిక మంచిదే. వృద్ధుని సందేహమును సరియైనదే. ఈ రెంటిని గలుపునది యొక్కటియే గలదు. అది లెక్క. ఇచ్చిన సొమ్ము ఎచ్చటికి బోయినదో చూపు లెక్క యున్నచో హరిత విద్యుత్తు అను మాట నిజము. లేనిచో అది కాగితముపై రంగు మాత్రమే. ఈ సంగతిని కొన్ని దేశముల అనుభవముతో మీ యెదుట నుంచుచున్నాను.

తీగకు తెలియదు, పుస్తకమునకు తెలియును

బొగ్గును మండించి పుట్టించిన విద్యుత్తును, గాలిమరవలన పుట్టిన విద్యుత్తును ఒక్క తీగలోనే కలిసి ప్రవహించును. మన మిల్లునకు వచ్చునది ఏ కేంద్రమునుండి వచ్చినదో వేఱుపఱచి చూపుట ఎవ్వరికిని సాధ్యము గాదు. అదనపు ధర యిచ్చినవాని మీటరులోనికిని, ఇవ్వనివాని మీటరులోనికిని వచ్చునది ఒక్కటియే.

మఱి కొనుగోలుదారుడు కొనునది యేమి? దీనికి మన పాలకేంద్రమే మంచి దృష్టాంతము. ప్రతి యుదయమున నూఱు గడపల పాలు వచ్చి ఒక్క క్యానులో గలియును. మీ గేదె పాలు ఏ పట్టణమున ఎవరి యింట కాగినవో మీ రెఱుగరు. అయినను ఎవరెన్ని లీటర్లు పోసినది, వెన్న ఎంత శాతమున్నది పుస్తకమున వ్రాసియుండును. ఆ వ్రాతను బట్టియే మీకు డబ్బు వచ్చును. ఇప్పుడు పట్టణవాసి యొకడు, "పచ్చిమేత పెంచి గేదెలను పోషించు రైతులకు లీటరునకు ఒక రూపాయి అధికముగ నిత్తును" అని ముందునకు వచ్చెననుకొందము. అతని చెంబులో పడు పాలు అందఱు త్రాగునవే. కాని ఆ రూపాయి పచ్చిమేత పెంచిన రైతునకే చేరినచో, మఱుసటి యేడు ఆ రైతు మఱి పది సెంట్ల భూమిలో మేత వేయును. అతనిని జూచి పొరుగువాడును వేయును. క్యానులో పాలు కలిసినను, పుస్తకములో రూపాయి కలిసిపోలేదు. రూపాయి త్రోవలో ఆగిపోయినచో మాత్రము పట్టణవాసి వట్టి మాటను కొన్నవా డగును.

హరిత విద్యుత్తు వ్యాపారమంతయు ఈ పుస్తకముపై నిలిచియున్నది. గాలి, సూర్యరశ్మి, జీవవాయువు మొదలగువానివలన 1,000 యూనిట్లు పుట్టినపుడు ఒక ధ్రువపత్రము పుట్టును. మన దేశమున ఈ పత్రములకు కేంద్ర విద్యుత్తు నియంత్రణ మండలి 2010లో నిబంధనలు చేసినది. ఈ పత్రము గోదాము రసీదువంటిది. ఒకే రసీదును రెండు బ్యాంకులలో తాకట్టు పెట్టుట ఎట్టి మోసమో, ఒకే పత్రమును ఇద్దఱి పేర లెక్కించుట అట్టి మోసమే. ఒకని పేర వినియోగమైన పత్రమును కొట్టివేయుట ఈ వ్యాపారమునకు ప్రాణము.

ఈ పద్ధతి మొదలైన విధము

విద్యుత్తు సంస్థలు తమ వాడుకదార్లను అదనపు ధర నిచ్చి ఇట్టి విద్యుత్తును పోషింపుడని కోరుట అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1990 తరువాతి సంవత్సరములలో ప్రబలినది. కాలిఫోర్నియాలోని శాక్రమెంటో నగరపు ప్రజావిద్యుత్తు సంస్థ 1993లో ఒక యేర్పాటు చేసినది. గృహస్థుడు తన యింటి కప్పుపై సంస్థవారి సూర్యఫలకములను పెట్టుకొన నిచ్చి, అంతియే గాక నెలకు 4 డాలర్లు అదనముగ చెల్లింపవలెను. కప్పును ఇచ్చుటయు, రొక్కము నిచ్చుటయు గృహస్థుని వంతే! అయినను ముందునకు వచ్చినవారు గలరు.

మిచిగన్ రాష్ట్రమున ట్రావర్స్ సిటీ అను చిన్న పట్టణపు పురవిద్యుత్తు శాఖ 1996లో 600 కిలోవాట్ల గాలిమర నొకదానిని నిలిపినది. దాని వ్యయము సాధారణ విద్యుత్తుకంటె అధికము. ఆ వ్యత్యాసమును పట్టణప్రజ లందఱిపై వేయక, ఇష్టముగలవారినే అడిగిరి. నూటికి పైగా గృహస్థులును, కొందఱు వర్తకులును యూనిట్టునకు 1.58 సెంట్లు అధికముగ నిచ్చుటకు ఒప్పుకొనిరి. సెంటనగా డాలరులో నూఱవవంతు. ఇచ్చట గమనింపవలసిన విశేష మేమనగా, ఇచ్చినవారు ఊరి వెలుపలికి బోయి తలయెత్తి చూచినచో తమ సొమ్ము తిరుగుచుండుట కనబడెడిది. లెక్క ఆకాశముననే వ్రాసియున్నట్లుండెను. కాని సంస్థలు పెద్దవైనకొలదియు, గాలిమరలు దూరమైనకొలదియు, కంటితో చూచు లెక్క పోయి కాగితపు లెక్క వచ్చినది.

నా పేడ కథ

పరదేశపు కథలు ముందునకు సాగించుటకు పూర్వము నా కథ యొకటి చెప్పవలసియున్నది. అది నాకు గౌరవము దెచ్చునది గాదు. అయినను ఈ విషయమునకు దానికంటె మంచి పాఠము నాకు దొరకలేదు.

కొన్ని సంవత్సరముల క్రిందట నేను పనిచేయుచుండిన ప్రాంతమున గోబరు గ్యాసు ప్లాంట్లు కట్టించు పని నాకు అప్పగింపబడినది. ఒక చిన్నరైతు నింట 2 ఘనమీటర్ల ప్లాంటు కట్టించితిని. దానికి దినమునకు సుమారు 50 కిలోల పేడ గావలెను. అప్పటి కతనికి జత యెడ్లును, రెండు గేదెలును, ఒక పెయ్యయు నుండెను. మొదటి దినమున పొయ్యిలో నీలిమంట వెలిగినపుడు ఊరెల్ల వచ్చి చూచినది. నేను నా పుస్తకమున "పనిచేయుచున్నది" అని వ్రాసికొంటిని. మఱుసటి యేడు తనిఖీకి బోకయే ఆ మాటనే తిరిగి వ్రాసితిని. ఆ మఱుసటి యేడును అంతే.

నాలుగవ యేట వేఱు పనిమీద ఆ యూరికి బోయితిని. ట్రాక్టరు దుక్కి వచ్చినందున రైతు ఎడ్లను అమ్మివేసెను. కూతురి పెండ్లికి గేదెలలో నొకటి పోయెను. మిగిలిన గేదె పేడయు, పెయ్య పేడయు గుంతకు చాలకపోయెను. డోముపై పిడకలు ఆఱుచుండెను. నేను తెల్లబోయి నిలువగా ఆ యింటి యిల్లాలు కోపము లేకయే, "అయ్యా, మీ పుస్తకములో గ్యాసు మండుచునే యున్నది గదా! మా పొయ్యిలో మాత్రము కట్టెలు మండుచున్నవి" అనెను.

నేను చదివిన మిషను పాఠశాలలో కూరగాయల తోట లెక్కలు పిల్లలే వ్రాయవలెను. తోటను జూడక లెక్క వ్రాసినవానిని మా ఉపాధ్యాయుడు దండింపక, పుస్తకము చేతికిచ్చి తోటలోనికి పంపి, వ్రాసిన వంకాయలను ఏరుకొని రమ్మనెడివాడు. ఆ పాఠము బాల్యమున నేర్చియు నేను మఱచితిని. కాగితమునకును పొయ్యికిని నడుమ దూర మెంత యుండగలదో ఆ యిల్లాలు నాకు తిరిగి నేర్పినది. నాటినుండి ధ్రువపత్రము కనబడినపుడెల్ల నా కన్ను పొయ్యిని వెదకుచున్నది.

వెర్మాంటు పాడిరైతులు

ఇప్పుడు పేడనుండి పుట్టిన హరిత విద్యుత్తు కథ వినుడు. అమెరికాకు ఈశాన్యమున వెర్మాంటు అను చిన్న రాష్ట్రము గలదు. అది పాడికి ప్రసిద్ధి. ఆ ప్రాంతపు సెంట్రల్ వెర్మాంట్ పబ్లిక్ సర్వీస్ అను విద్యుత్తు సంస్థ "కౌ పవర్" అను పేర ఒక స్వచ్ఛంద పథకమును ఏర్పఱచినది. దానికి 2004లో రాష్ట్ర నియంత్రణ మండలి అనుమతి నిచ్చినది. వాడుకదారుడు తన వాడుకలో నాలుగవవంతునకు గాని, సగమునకు గాని, మొత్తమునకు గాని యూనిట్టునకు 4 సెంట్లు అదనముగ నిచ్చుటకు కోరుకొనవచ్చును. ఆ 4 సెంట్లును విద్యుత్తును పుట్టించిన రైతునకు చేరును. ఇదిగాక విద్యుత్తు అమ్మకపు ధరయు రైతునకు వచ్చును. వాడుకదార్లు కోరినంత విద్యుత్తు రైతులవద్ద పుట్టనపుడు ఆ సొమ్ము ఏ పద్దునకు బోవలెనో పథకములోనే ముందుగ నిర్ణయించిరి.

2005 జనవరిలో బ్రిడ్‌పోర్టు గ్రామమునందలి బ్లూ స్ప్రూస్ ఫార్మ్ ఈ పథకమున మొదటి విద్యుత్తు నిచ్చినది. అది వెయ్యికి మించిన ఆవులుగల క్షేత్రము. పశువులశాలలోని పేడ యంతయు కాంక్రీటు తొట్టిలోనికి చేరును. అచ్చట సుమారు 38 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమిలో మూడు వారములు నిలిచి, సూక్ష్మజీవులవలన మీథేను వాయువును విడుచును. ఆ వాయువు ఇంజనును నడపగా విద్యుత్తు పుట్టును. ఇంజను వేడిమియే తొట్టిని వెచ్చగ నుంచును.

తొట్టినుండి వెలికి వచ్చిన పదార్థమును పిండి, గట్టి పిప్పిని వేఱుచేయుదురు. అది పశువుల క్రింద పఱచుటకు రంపపు పొట్టునకు బదులుగ ఉపయోగపడి, ఆ ఖర్చును మిగుల్చును. ద్రవము పొలమునకు ఎరువగును. నత్రజని తఱుగదు, దుర్వాసన తగ్గును, కలుపుగింజలును చాలవఱకు చచ్చును. మన గోబరు గ్యాసు స్లరీని వాడినవారికి ఇది క్రొత్తసంగతి గాదు. అచ్చటి క్షేత్రము మిక్కిలి పెద్దది. దానికైన పెట్టుబడి పది లక్షల డాలర్లకు మించినది. రెండు మూడు పశువులు గల మనవారు దానిని అనుకరింపలేరు.

అయినను మనకు పనికివచ్చు పాఠము యంత్రములో లేదు. 4 సెంట్ల దారిలో నున్నది. ఇచ్చు గృహస్థు డెవడు, పుచ్చుకొను రైతు ఎవడు, నడుమ నెంత నిలుచును అను మూడు సంగతులును బిల్లు చూచిన ప్రతివానికి తెలియును. ఇదియంతయు పాలమీగడవలె సాగినదని మీ రనుకొనరాదు. విద్యుత్తు టోకుధర 2009 ప్రాంతమున పడిపోగా, ఆ ధరను నమ్మి అప్పుచేసిన పాడిరైతులు చిక్కులలో బడిరి. అదే సంవత్సరము వెర్మాంటు శాసనసభ ఇట్టి చిన్న ఉత్పత్తిదార్లకు దీర్ఘకాలపు స్థిరధర నిచ్చు పద్ధతిని చట్టము చేసినది. అనగా వాడుకదార్ల సద్భావము తోడ్పాటే గాని దానియొక్కదానిపై రైతు తన అప్పును నిలుపరాదు. ఆ సంస్థ 2012లో గ్రీన్ మౌంటెన్ పవర్ అను సంస్థలో గలిసినది. పిమ్మటను పథకము సాగినది.

ఆస్టిను నగరపు బేరము

టెక్సస్ రాష్ట్రమునందలి ఆస్టిను నగరము విద్యుత్తు సంస్థను తానే నడుపును. ఆ సంస్థ ఇరువది యొకటవ శతాబ్దపు ఆరంభమున "గ్రీన్ చాయిస్" అను పద్ధతి పెట్టినది. అందలి బేరము విచిత్రమైనది. సాధారణపు బిల్లులో ఇంధనపు ఖర్చు అను పద్దు గలదు. సహజవాయువు ధరతోపాటు అది హెచ్చును, తగ్గును. హరిత విద్యుత్తు కోరినవానికి ఆ పద్దు తీసివేసి, దానికి మాఱుగా పదేండ్లవఱకు మాఱని హరితపు పద్దు వేసిరి. గాలికి ఇంధనపు ధర లేదు గదా! మొదట చేరినవారికి అది యూనిట్టునకు 1.7 సెంట్లు. చేరునాటికి అది ఇంధనపు పద్దుకంటె ఎక్కువ, సత్కార్యమని చేరిరి. తరువాత సహజవాయువు ధర పెరిగి ఇంధనపు పద్దు దానిని మించిపోయెను. సత్కార్యమునకై యధిక మిచ్చినవారే తక్కువ చెల్లించువారైరి! 2006లో చేరగోరువా రధికమై చీట్లు తీసి స్థానములు పంచవలసివచ్చినది.

ఇచ్చట కథ ముగిసిన బాగుండెడిది, కాని ముగియలేదు. 2009లో క్రొత్తగా అమ్మజూపిన వంతునకు ధర మొదట 9.5 సెంట్లనియు, పిమ్మట తగ్గించి 8 సెంట్లనియు పెట్టిరి. అంతలో వాయువు ధర తగ్గియుండెను. కొనువారు పలుచనైరి. నిన్న చీట్లు తీసిన ద్వారముకడ నేడు పిలిచినను వచ్చువారు లేరైరి. లాభమునకై వచ్చిన సద్భావము లాభముతోడనే పోవునని దీనివలన తెలియుచున్నది. ఎవరైనను "హరిత విద్యుత్తు తీసికొన్న లాభము వచ్చును" అని మనతో చెప్పినచో, ఎన్ని యేండ్లకు, ఏ ధరపై, ఏ కాగితమున వ్రాసి యిత్తురో అడుగవలెను.

ఫ్లోరిడాలో జరిగినది

ఇక లెక్క తప్పిన కథ. ఫ్లోరిడా పవర్ అండ్ లైట్ అను పెద్ద సంస్థ 2004లో "సన్‌షైన్ ఎనర్జీ" అను పథకమును ప్రారంభించినది. ఇష్టముగల గృహస్థుడు నెలకు 9.75 డాలర్లు అధికముగ నిచ్చును. ప్రతి 10,000 మంది చేరినపుడు 150 కిలోవాట్ల సూర్యవిద్యుత్తును రాష్ట్రమున నిర్మింతుమని చెప్పిరి. వేలకొలది గృహస్థులు నమ్మి చేరిరి. కోటి డాలర్లకు మించి వసూలైనది.

రాష్ట్ర నియంత్రణ మండలి లెక్కలు తనిఖీ చేయగా, ఆ సొమ్ములో అధికభాగము ప్రచారమునకును, నిర్వహణ వ్యయమునకును పోయినట్లు తేలినది. 2008 జూలైలో మండలి ఆ పథకమును నిలిపివేసినది. నెలనెలయు బిల్లుతోపాటు 9.75 డాలర్లు కట్టి, సూర్యునికి సేవచేయుచున్నామని తృప్తిపడిన గృహస్థులు తమ సొమ్ము ప్రకటనకాగితములకు చాలభాగము చెల్లినదని తెలిసికొనిరి. దీనివలని నష్టము డబ్బుతో ముగియదు. ఒకమాఱు మోసపోతి ననుకొన్నవాడు మఱుసటిమాఱు నిజమైన పనికిని చేయి చాపడు. సహకార సంఘములు నడిపిన మనకు ఇది తెలియని సంగతి గాదు.

మన దేశమున ఏర్పాటు

హరిత విద్యుత్తునకు ఐచ్ఛికపు ధర అను మాట మన రాష్ట్రమునకును పూర్తిగ క్రొత్తది గాదు. విభజనకు పూర్వపు ఆంధ్రప్రదేశ్ ధరల పట్టికలలోనే, కోరి తీసికొనువారికై "గ్రీన్ పవర్" అను వేఱు తరగతి యుండెను. మహారాష్ట్ర విద్యుత్తు నియంత్రణ మండలి 2021 మార్చిలో, హరిత విద్యుత్తు కోరువారు యూనిట్టునకు 66 పైసలు అదనముగ చెల్లింపవలెనని నిర్ణయించినది. 2022 జూన్ 6వ తేదీన కేంద్రప్రభుత్వము హరిత విద్యుత్తు నియమములను ప్రకటించినది. వాని ప్రకారము వాడుకదారుడు తన వాడుకలో 25 శాతము, 50 శాతము, ఇట్లు మెట్లు మెట్లుగా నూఱు శాతమువఱకు హరిత విద్యుత్తును పంపిణీసంస్థనుండి కోరవచ్చును. కోరినది ఒక యేటికి తక్కువ గాకుండ నుండవలెను. దాని ధరను రాష్ట్ర నియంత్రణ మండలి నిర్ణయించును. ఏటేట ధ్రువపత్రము ఇయ్యవలెను.

వ్యవసాయపు పంపుసెట్లకు ఆంధ్రప్రదేశమున 2004 నుండి ఉచిత విద్యుత్తు పద్ధతి వచ్చినందున, వానివిషయమున ఈ ప్రశ్న పుట్టదు. మన మిల్లు, గోదాము, ఇండ్ల దీపములు, వీనికే ఇది వర్తించును.

ఇందు ఒక సూక్ష్మమును సభ్యులు బాగుగ గమనింపవలెను. పంపిణీసంస్థ తాను కొను విద్యుత్తులో ఇంత భాగము హరితమై యుండవలెనని చట్టమే నిర్బంధించుచున్నది. మనము అదనపు సొమ్మిచ్చి కోరనిచ్చినను, కోరకపోయినను ఆ భాగమును సంస్థ కొనవలసినదే. 2022 నాటి నియమములలో, నిర్బంధమునకు మించి వాడుకదార్లు కొన్న హరిత విద్యుత్తును పంపిణీసంస్థ నిర్బంధపు లెక్కలో చేర్చవచ్చునని యున్నది. అట్లు చేర్చినచో మన మిచ్చిన సొమ్మువలన దేశమున ఒక గాలిమరయైన అధికముగ తిరుగునా, లేక సంస్థ ఎట్లైనను చేయవలసిన పనికే మనము ఖర్చు భరించితిమా? చెఱువు పూడిక తీయుట గుత్తదారు విధి యైయుండగా, మనము చందా వేసి కూలి యిచ్చినచో పూడిక రెండుమాఱులు తీయబడదు. గుత్తదారు సంచి మాత్రము నిండును.

మన మిల్లు సంగతి

ఇప్పుడు మన లెక్కకు వత్తము. మిల్లు నెలకు 10,000 యూనిట్లు వాడుననియు, అదనపు ధర మహారాష్ట్రమున 2021లో పెట్టినట్లు 66 పైసలే యనియు అనుకొందము. మొత్తము వాడుకకు నెలకు 6,600 రూపాయలు, ఏటికి 79,200 రూపాయలు అగును. నాలుగవవంతునకు మాత్రము కోరినచో ఏటికి 19,800 రూపాయలు. ఇది చిన్నమొత్తము గాదు. సంఘపు లాభములో నుండి తీసినచో ప్రతి సభ్యుని బోనసును కొంత కోసినట్లే యగును. ఎరువుల అప్పు తీఱక వడ్డీ లెక్కించుకొనుచున్న సభ్యుని బోనసును గూడ కోసినట్లగును.

కావున నా మొదటి మనవి యిది. దీనిపేరే స్వచ్ఛందము. వెర్మాంటులోను, ట్రావర్స్ సిటీలోను ఇష్టమైనవాడే సంతకము పెట్టెను. పెట్టనివానిపై పైసయు పడలేదు. మన సర్వసభ్య సమావేశమున చేతులెత్తించి, అధికసంఖ్యవారి ఉత్సాహమును తక్కువసంఖ్యవారి సంచినుండి చెల్లించుట సహకారము గాదు. సంఘ కార్యాలయమున ఒక పుస్తకము తెఱచి, ఇష్టముగల సభ్యులు తమ వంతు వ్రాయునట్లు చేయుడు. నూఱుగురు ఏటికి 198 రూపాయల చొప్పున వ్రాసినచో నాలుగవవంతునకు చాలును. చాలనిచో ఆ సంవత్సరము మానుదము. వ్రాసినవారి సొమ్ము వారికి తిరిగి యిచ్చివేయుదము.

రెండవది. ఆ పుస్తకము తెఱచుటకు ముందు కార్యదర్శిగారు పంపిణీసంస్థకు లేఖ వ్రాసి, ఈ నాలుగు ప్రశ్నలకు లిఖితమూలకముగ సమాధానము తెప్పింపవలెను. మన మిచ్చు అదనపు సొమ్ములో విద్యుత్తు పుట్టించువానికి చేరున దెంత, నడుమ నిలుచున దెంత? మన పేర కోరిన విద్యుత్తును సంస్థ తన నిర్బంధపు లెక్కలో చేర్చుకొనునా? ధ్రువపత్రము మన పేర వినియోగమై కొట్టివేయబడునా? ఆ విద్యుత్తు ఏ కేంద్రమునుండి వచ్చినదో పేరు చెప్పుదురా? సమాధానము తృప్తికరముగ లేనిచో పుస్తకము తెఱవనక్కఱలేదు.

మూడవది. చిల్లుకడవలో పన్నీరు పోయువాడు తెలివిగలవాడు గాడు. మిల్లు మోటారునకు కెపాసిటరు సరిగ నున్నదా, బెల్టులు వదులైనవా, ధాన్యము లేకయే మోటారు తిరుగుచున్నదా యని ముందుగ చూడుడు. వాడని యూనిట్టుకంటె పచ్చనైన యూనిట్టు లేదు. దానికి అదనపు ధరయు లేదు.

నాలుగవది. ఎంతకాలము మనము ఇచ్చువారముగనే యుండవలెను? వెర్మాంటు రైతులు పుచ్చుకొనువారైరి. 2019లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన కుసుమ్ పథకమున, బంజరుభూమిలో 2 మెగావాట్లవఱకు సూర్యవిద్యుత్తు కేంద్రము పెట్టి పంపిణీసంస్థకు అమ్మువారిలో రైతులతోపాటు సహకార సంఘములను గూడ చేర్చిరి. గోదాము కప్పుపై ఎండ ఊరకే పడుచున్నది. ఈ విషయమును వేఱుగ విచారించుటకు ఉపసంఘము నొకదానిని నియమించుట మంచిది.

యువసభ్యుని కోరిక నిష్ఫలము కారాదని నా యాశ. వానలు తప్పుటయు, ఎండలు ముదురుటయు మొదట తాకునది మన పైరులనే. బొగ్గుపొగ తగ్గింపవలెనను పనిలో మనకంటె అక్కఱగలవా డెవడు? వృద్ధరైతు సందేహమును గూడ మనము గౌరవింపవలెను. తీగకు రంగు లేదన్న అతని మాట నిజము. పుస్తకమునకు రంగు గలదు. ఆ రంగు నిజమైనదో కాదో చూచు కన్ను అతని వంటి వారిదే. సమాధానములు వచ్చి పుస్తకము తెఱచు దినమున మొదటి పంక్తిలో నా 198 రూపాయలు వ్రాసికొనుడు. కాని ఏడాది తిరిగినపిమ్మట ఆ ధ్రువపత్రమును సర్వసభ్య సమావేశమున బిగ్గరగ చదివించుడు. చదువుటకు ముందు, అందు పేర్కొన్న కేంద్రమునకు మనలో నొకనిని పంపి, అచ్చట ఏమి తిరుగుచున్నదో చూచి రమ్మనుడు. ఆ పని నాకు అప్పగించినచో సంతోషముతో పోయివత్తును. చూడక వ్రాసిన మాట యొకటి నా పుస్తకమున ఇదివఱకే యున్నది. రెండవది ఉండకూడదని నా కోరిక.